హయబుసాకి టర్బో: షాపుకి బండి అప్పగించే ముందు తేల్చుకోవాల్సినవి

అమెరికాలో సుజుకీ హయబుసా బైకుకి టర్బో (ఎగ్జాస్ట్ తోపుతో తిరిగి ఇంజిన్లోకి అదనపు గాలి నొక్కే పరికరం) పెట్టించుకోవడం ఇవాళ్టి సరదా కాదు. బండి 1999లో వచ్చింది. ఇంజిన్ గట్టిది కావడంతో డ్రాగ్ రేసుల వాళ్లు అందుకున్నారు, వాళ్ల నుంచి మామూలు రోడ్డు రైడర్లకీ పాకింది. ఇప్పుడు రెండో తరం బుసాని సెకండ్ హ్యాండ్‌లో కొని, కిట్ తెప్పించి, ఊళ్లో ఉన్న షాపుకి అప్పజెప్పి "బిగించి ట్యూన్ చేసివ్వండి" అనేవాళ్లు చాలామందే.

ఇందులో చేతులు కాల్చుకున్నవాళ్లలో ఎక్కువమంది చెడ్డ కిట్ కొన్నవాళ్లు కాదు. ఏ పని ఎవరి బాధ్యతో తేల్చుకోకుండా తాళంచెవి ఇచ్చేసినవాళ్లు. కిట్ తయారుచేసేది ఒకరు, బిగించేది ఇంకొకరు, ట్యూన్ చేసేది, అంటే పెట్రోలు, స్పార్కు లెక్కలు బండి కంప్యూటర్లో సరిచేసేది, చాలాసార్లు మూడోవారు. పిస్టన్ కరిగితే కిట్ కంపెనీ బిగింపు సరిగా లేదంటుంది. బిగించినవాడు ట్యూన్ తప్పంటాడు. ట్యూనర్ ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మే నాజిళ్లు) చాల్లేదంటాడు. ముగ్గురి మాటా వినడానికి సబబుగానే ఉంటుంది, ఇంజిన్ ఖర్చు మాత్రం ఓనరు నెత్తిన పడుతుంది. వీలైతే మూడూ ఒకే షాపు చేతిలో పెట్టడం మేలు. వీలుకాకపోతే ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోట ఏం కొలవాలో, ఏం రాసివ్వాలో ముందే అనుకోవాలి. అలా అనుకోవాలంటే లోపల జరిగే పని ఓనరుకి కొంతైనా తెలియాలి.

7 పీఎస్‌ఐ అంటే ఎంత?

పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లని చెప్పే ఒత్తిడి కొలత. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. టర్బో దాని మీద మరో 7 కలిపితే (ఈ కలిపేదే బూస్ట్) మొత్తం 21.7. అంటే ఒత్తిడి 1.48 రెట్లయింది. రెండో తరం బుసా డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద వెనక చక్రం దగ్గర సుమారు 165 హార్స్‌పవర్ చూపిస్తుందనుకుంటే, దాన్ని 1.48తో గుణిస్తే 244 వస్తుంది. వేడి వల్లా, స్పార్కు టైమింగ్ తగ్గించడం వల్లా కొంత పోతుంది కాబట్టి 7 పీఎస్‌ఐకి 230–240 దగ్గర అంకె వస్తే అది నమ్మదగిన మాట. అదే బూస్ట్‌కి, మామూలు పంపు పెట్రోలుతో, లోపల ఏమీ మార్చకుండా 300 ఇస్తామని షాపు చెబితే లెక్క ఎలా వచ్చిందో అడగాలి.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం 35 డిగ్రీల గాలిని 7 పీఎస్‌ఐకి నొక్కితే, కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే చక్రం) సామర్థ్యం 70 శాతం అనుకున్నా, అవతల 87 డిగ్రీలై వస్తుంది. 12 పీఎస్‌ఐకి అయితే 117. చాలా బైకు కిట్లలో చోటు చాలక ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) ఉండదు, ఆ వేడి గాలే సూటిగా సిలిండర్లోకి వెళ్తుంది. ఇంటర్‌కూలర్ లేని కిట్‌తో పంపు పెట్రోలు మీద 6–8 పీఎస్‌ఐ దాటకపోవడం మంచిదనేది అందుకే. ఇంకా కావాలంటే ఎక్కువగా ఇథనాల్ ఉండే ఈ85 ఇంధనమో, రేసు ఫ్యూయలో, నీళ్లు–మిథనాల్ స్ప్రేనో కావాలి. అక్కడి నుంచి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

బూస్ట్ ఎంత ఉండాలో మొదట తేల్చేది వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని టర్బో పక్క నుంచి వదిలేసే వాల్వు) స్ప్రింగు. బూస్ట్ కంట్రోలర్ స్ప్రింగు విలువ కంటే పైకి తీసుకెళ్లగలదు గానీ కిందికి దించలేదు. 10 పీఎస్‌ఐ స్ప్రింగు వేసి "కంట్రోలర్‌తో ఏడుకి పెడతాం" అనేవాడికి పని తెలియదని అర్థం. పంపు పెట్రోలు బండికి 6 లేదా 7 పీఎస్‌ఐ స్ప్రింగు వేయమని వర్క్ ఆర్డర్‌లోనే రాయించాలి.

కంప్రెషన్: స్పేసర్ ప్లేటు కథ

ఫ్యాక్టరీలే టర్బో బైకులు చేసిన రోజుల్లో ఏం చేశాయో చూస్తే విషయం తెలుస్తుంది. కంప్రెషన్ అంటే పిస్టన్ సిలిండర్లోని మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క. 1982 హోండా సీఎక్స్500 టర్బో కంప్రెషన్ 7.2:1. 1984 కవాసాకీ 750 టర్బోది 7.8:1. టర్బో లేకుండా పుట్టిన రెండో తరం బుసాది 12.5:1. అంత కంప్రెషన్ మీద బూస్ట్ ఎక్కిస్తే మిశ్రమం స్పార్కు వెలిగించిన మంట చేరకముందే తనంతట తాను పేలుతుంది. దాన్నే నాక్ అనీ డెటొనేషన్ అనీ అంటారు. బుసాలో నాక్ సెన్సర్ లేదు. కాబట్టి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దాన్ని పసిగట్టి వెనక్కి తగ్గదు. మొదట పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది, లేదా హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

పిస్టన్లు మార్చకుండా కంప్రెషన్ తగ్గించడానికి సిలిండర్ బ్లాకు కింద స్పేసర్ ప్లేటు వేస్తారు. లెక్క సులువే. బోర్ 81 మి.మీ., స్ట్రోక్ 65 మి.మీ. అంటే ఒక్కో సిలిండర్ 335 సీసీ. 12.5:1కి పైన మిగిలే ఖాళీ 29 సీసీ. ప్లేటు 1 మి.మీ. మందం ఉంటే ఆ ఖాళీ 5 సీసీకి కాస్త పైగా పెరిగి కంప్రెషన్ 10.8 దగ్గరికి వస్తుంది. 2 మి.మీ. ప్లేటుకి 9.5. 7 పీఎస్‌ఐతో రోడ్డు మీద తిరిగే బండికి ఈ రెండింటి మధ్య ఎక్కడున్నా పనికొస్తుంది.

ప్లేటు వేస్తే హెడ్ పైకి లేస్తుంది, క్యామ్ చెయిన్ సాగాల్సిన దూరం పెరుగుతుంది, క్యామ్ టైమింగ్ కొన్ని డిగ్రీలు జరుగుతుంది. కాబట్టి క్యామ్‌లు మళ్లీ డిగ్రీ చేయాలి, అంటే వాల్వులు తెరుచుకునే కోణాన్ని కొలిచి సరిచేయాలి, దానికి సర్దుబాటు చేయగల క్యామ్ స్ప్రాకెట్లు కావాలి. ఎస్టిమేట్‌లో ప్లేటు ఉండి "క్యామ్ డిగ్రీయింగ్" అనే లైను లేకపోతే షాపు ఆ పని ఎగ్గొడుతోందన్నమాట. హెడ్ ఎలాగూ తీస్తున్నారు కాబట్టి గట్టి హెడ్ స్టడ్లు ఇప్పుడే వేయించడం తెలివైన పని. మళ్లీ విప్పాలంటే లేబర్ రెండోసారి కట్టాలి.

ప్లేటు వద్దు, 12.5 మీదే 5 పీఎస్‌ఐతో నడుపుదామనే షాపులూ ఉన్నాయి. చల్లటి రోజు, మంచి పెట్రోలు, జాగ్రత్తైన ట్యూన్ ఉంటే నడుస్తుంది. ఒక్కసారి నాసి పెట్రోలు పడితే కాపాడుకోవడానికి మార్జిన్ ఉండదు. ఆ పొదుపు సిఫారసు చేయదగింది కాదు.

పెట్రోలు అందుతోందా?

టర్బో బండ్లలో ఇంజిన్లు పోయే దారుల్లో రద్దీగా ఉండేది ఇదే. షాపుని నిలదీయాల్సింది ఇక్కడే.

స్టాక్ (ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న) బుసా ఫ్యూయల్ ప్రెషర్ సుమారు 43 పీఎస్‌ఐ. టాంకులో ఉన్న రెగ్యులేటర్‌కి బూస్ట్ సంగతి తెలియదు. ఇంజెక్టర్ కొసన మామూలుగా ఉండే ఒత్తిడికి బదులు 7 పీఎస్‌ఐ ఎదురు తోస్తుంటే, పెట్రోలుని నెట్టే అసలు ఒత్తిడి 36కి పడిపోతుంది. ప్రవాహం దాదాపు ఎనిమిదిన్నర శాతం తగ్గుతుంది. ఎక్కువ పెట్రోలు కావాల్సిన క్షణంలోనే తక్కువ వస్తుంది. అందుకే బూస్ట్‌కి 1:1గా ఒత్తిడి పెంచే రెగ్యులేటరూ, ఆ ఒత్తిడి దగ్గర కూడా సరిపడా పోయగల పంపూ కిట్‌లో ఉండాలి. లేకపోతే విడిగా కొనాలి.

ఇంజెక్టర్ సైజుకీ చేతిలెక్క ఉంది. టర్బో ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 6.3 సీసీ పెట్రోలు తాగుతుంది. క్రాంక్ దగ్గర 260 హార్స్‌పవర్ అనుకుంటే మొత్తం 1,640 సీసీ, సిలిండర్‌కి 410. ఇంజెక్టర్లని 80 శాతం డ్యూటీ (తెరుచుకుని ఉండే సమయం వాటా) దాటించకూడదు కాబట్టి సిలిండర్‌కి కనీసం 510 సీసీ సామర్థ్యం ఉండాలి. రెండో తరం బుసాలో సిలిండర్‌కి రెండు ఇంజెక్టర్లుంటాయి, రెండూ కలిపి ఆ అంకె రావాలి. ఈ85 పోయాలంటే ఇంకో 30 శాతం పైగా కలపాలి. షాపుని అడగాల్సిన ప్రశ్న "ఇంజెక్టర్లు పెద్దవేనా?" అని కాదు. "పూర్తి బూస్ట్‌లో, రెడ్‌లైన్ దగ్గర డ్యూటీ ఎంత శాతం?" అని. జవాబు లాగ్‌లోంచి (రన్‌లో సెన్సర్లు చెప్పిన అంకెల రికార్డులోంచి) తీసి చూపించాలి.

స్టాక్ మ్యాప్ సెన్సర్ (ఇంజిన్లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) బయటి గాలి ఒత్తిడి వరకే చదువుతుంది. బూస్ట్ దానికి కనబడదు. 3 బార్ సెన్సర్ వేసి, ఈసీయూకి దాని లెక్క నేర్పాలి. థ్రాటిల్, ఆర్‌పీఎం చూసి గుడ్డిగా పెట్రోలు కలిపే పిగ్గీబ్యాక్ డబ్బాతో సరిపెట్టే షాపులు చవగ్గా చేస్తాయి. ఎండ మారినా, ఎత్తు మారినా, బూస్ట్ ఒకటి రెండు పీఎస్‌ఐ అటూ ఇటూ అయినా ఆ డబ్బాకి తెలియదు.

నూనె, క్లచ్

టర్బో బేరింగ్‌కి నూనె ఇంజిన్ నుంచే వెళ్తుంది. బైకులో టర్బో బాగా కిందికి ఉంటుంది కాబట్టి వాడిన నూనె దానంతటదే సంపులోకి జారదు. స్కావెంజ్ పంపు లాగాలి. అది ఆగినా, బలహీనపడినా టర్బో నూనెతో నిండి, సీలు దాటి, సైలెన్సర్లోంచి తెల్లగా నీలంగా పొగ వస్తుంది. రాత్రంతా నిలబెట్టాక పొద్దున స్టార్ట్ చేసినప్పుడే పొగ వచ్చి తర్వాత ఆగితే, ఫీడ్ లైన్లో చెక్ వాల్వు లేదని అనుమానించాలి. బాల్ బేరింగ్ టర్బో అయితే ఫీడ్‌లో సుమారు 1 మి.మీ. రెస్ట్రిక్టర్ కావాలి. ఆ సన్నటి రంధ్రంలో టెఫ్లాన్ టేపు ముక్క ఇరుక్కుంటే టర్బో గతి అంతే. ఫీడ్ లైన్ జాయింట్ల మీద తెల్లటి టేపు కనబడితే బండి వెనక్కి తీసుకోకూడదు.

క్లచ్ సంగతి క్లుప్తంగా: స్టాక్ స్ప్రింగులు ఈ టార్కుకి నిలవవు. గట్టి స్ప్రింగులైనా, వేగం పెరిగేకొద్దీ గట్టిగా పట్టే లాకప్ క్లచ్ అయినా ఎస్టిమేట్‌లోనే ఉండాలి. ట్యూన్ రోజున క్లచ్ జారితే డైనో గంటలన్నీ వృథా, మళ్లీ డబ్బు.

డైనో షీటు చదవడం

షాపు చేతికిచ్చే కాగితం మీద పెద్దక్షరాల్లో హార్స్‌పవర్ ఉంటుంది. అది అన్నిటికంటే తక్కువ పనికొచ్చే అంకె. వాతావరణాన్ని బట్టి అంకెని సరిచేసే పద్ధతుల్లో ఎస్‌టీడీ కరెక్షన్ పెడితే ఎస్‌ఏఈ కంటే దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఒకే బండి రెండు చోట్ల రెండు రకాలుగా రావడానికి అదొక్కటే చాలు. ఆర్‌పీఎం ప్రకారం బూస్ట్ గీత, గాలి–పెట్రోలు నిష్పత్తి గీత పవర్ గీతతోపాటు ఒకే షీటు మీద ఉండాలి. ఆ రెండు గీతలూ లేని షీటుకి డబ్బు కట్టకూడదు.

బూస్ట్ గీత చివరిదాకా చదునుగా ఉండాలి. 6,000 దగ్గర 7 ఉండి, 10,000కి 9.5కి పాకితే దాన్ని బూస్ట్ క్రీప్ అంటారు. వేస్ట్‌గేట్ చిన్నదైనా, పైపు మీద సరైన చోట లేకపోయినా ఇలా అవుతుంది. ట్యూన్‌తో నయమయ్యే జబ్బు కాదు, వెల్డింగు పని కావాలి. కాబట్టి అది కిట్ కంపెనీ బాకీ, లేదా హెడర్ (ఎగ్జాస్ట్ పైపు) మార్చి వెల్డ్ చేసిన షాపు బాకీ.

నిష్పత్తి గీత పూర్తి బూస్ట్‌లో 11.5–12.0 మధ్య ఉండాలి. షీటులో 6,000 దగ్గర 11.7, 8,000 దగ్గర 11.6, 9,500 దగ్గర 12.6 అని ఉందనుకుందాం. పవర్ అంకె బ్రహ్మాండంగా ఉండొచ్చు, కానీ ఆ చివరి అంకె ప్రమాదం. పైకెళ్లేకొద్దీ పెట్రోలు అందడం లేదు. డ్యూటీ 80 దాటి ఉంటే ఇంజెక్టర్లు చాల్లేదు. డ్యూటీ తక్కువగా ఉండి ఫ్యూయల్ ప్రెషర్ జారుతుంటే పంపు చాల్లేదు. రెండూ బాగుంటే ట్యూన్ మ్యాప్‌లోనే (ఈసీయూలోని పెట్రోలు లెక్కల పట్టికలోనే) తప్పు, అది ట్యూనర్ సరిదిద్దాలి. ఒక్క లాగ్ ముగ్గురిలో ఎవరిది బాకీయో తేల్చేస్తుంది. ఫ్యూయల్ ప్రెషర్ కూడా లాగ్ చేయమని ముందే అడగాల్సింది అందుకే. వైడ్‌బ్యాండ్ సెన్సర్ (ఈ నిష్పత్తి కొలిచేది) టర్బైన్ (టర్బోలో ఎగ్జాస్ట్ తిప్పే చక్రం) దాటాక ఉండాలి, ముందు పెడితే అక్కడి ఒత్తిడీ వేడీ రీడింగుని చెడగొడతాయి.

స్పార్కు టైమింగ్ విషయంలో, ఒక్కో పీఎస్‌ఐకి సుమారు ఒక డిగ్రీ వెనక్కి లాగడం మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క. అక్కడి నుంచి పవర్ ఆగేచోటికి ఒకటి రెండు డిగ్రీల ముందే ఆగడం ట్యూనర్ వివేకం. ట్యూన్ అయ్యాక ప్లగ్గులు తీసి చూపించమనాలి. పింగాణీ మీద మిరియాలపొడి చల్లినట్టు చుక్కలున్నా, మెరిసే అల్యూమినియం నలకలున్నా నాక్ జరిగినట్టే. ప్లగ్గులు స్టాక్ కంటే ఒక మెట్టు చల్లటివై, గ్యాప్ 0.6 మి.మీ. దగ్గర ఉండాలి. గ్యాప్ ఎక్కువైతే బూస్ట్‌లో స్పార్కు ఆరిపోయి బండి తుమ్ముతుంది. ట్యూన్ తప్పనుకుని డైనో మీద గంటలు తగలేసే తిప్పల్లో ఇదొకటి.

చాలా షాపులు పూర్తి థ్రాటిల్ రన్లు నాలుగైదు లాగి చేతులు దులుపుకుంటాయి. రోడ్డు మీద బండి ఎక్కువ సేపుండేది సగం థ్రాటిల్లో, 3,000–6,000 మధ్యన, బూస్ట్ మొదలయ్యే అంచున. అక్కడ ట్యూన్ చేయాలంటే బ్రేకు వేసి పట్టి ఉంచగల లోడ్ డైనో కావాలి, ఓపిక కావాలి. "పార్ట్ థ్రాటిల్, కోల్డ్ స్టార్ట్ కూడా చేస్తారా, దానికి ఎన్ని గంటలు?" అన్న ప్రశ్నకి వచ్చే జవాబే షాపు స్థాయి చెబుతుంది.

డబ్బు, కాగితం

బండి ఇచ్చే రోజున లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్లోకి ఎక్కించిన గాలి ఎంత శాతం కారిపోతోందో చూసేది) చేయించి, నాలుగు సిలిండర్ల శాతాలూ రాయించుకోవాలి. 10 శాతం లోపు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. తర్వాత ఏదైనా జరిగితే "ముందే అరిగిపోయిన ఇంజిన్" అనే మాటకి ఆస్కారం ఉండదు. ఈ టెస్టుకి ఎదురుచెప్పే షాపుకి బండి ఇవ్వొద్దు.

అడ్వాన్సు విడిభాగాల మేరకే. బిగింపు పూర్తయి, లీకులు లేకుండా స్టార్టయ్యాక లేబర్‌లో కొంత. మిగతాది షీటు, లాగ్ ఫైలు, మ్యాప్ ఫైలు చేతికొచ్చాక. క్రెడిట్ కార్డు మీద కడితే గొడవ వస్తే బ్యాంకుకి చెప్పుకునే దారైనా ఉంటుంది. వర్క్ ఆర్డర్‌లో ఏ పెట్రోలు, ఎంత బూస్ట్, స్పేసర్ మందం, పార్టు నంబర్లు, తీసిన స్టాక్ భాగాలు తిరిగివ్వడం రాసి ఉండాలి. మ్యాప్ ఎవరిదో కూడా. కొందరు ట్యూనర్లు ఈసీయూని లాక్ చేస్తారు. అది వాళ్ల హక్కంటారు, అందులో కొంత న్యాయం ఉంది. కానీ ఆ సంగతి డబ్బు కట్టక ముందు తెలియాలి, కట్టాక కాదు.

చట్టం సంగతి షాపు దాచకుండా చెప్పాలి. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద ఎమిషన్ పరికరాలు పీకేయడం చట్టవిరుద్ధం, షాపుకీ జరిమానా పడుతుంది. కాలిఫోర్నియాలో రోడ్డు మీద తిరగాలంటే భాగాలకి కార్బ్ (అక్కడి కాలుష్య నియంత్రణ బోర్డు) మినహాయింపు నంబరుండాలి. ఈ కిట్లు ఎక్కువగా రేసు వాడకానికే అని రాసి అమ్ముతారు. మన దగ్గర, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో, ఇదే ఆలోచన ఉన్నవాళ్లకి దారి ఇంకా ఇరుకు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడే వీలుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. ట్రాక్ బండిగా తప్ప ఇక్కడ అది పెట్టుకోదగ్గ పని కాదు.

ఇంకో తేడా ఇక్కడే చెప్పుకోవాలి. పెట్రోలు నాక్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ అంకెల్లో అమెరికా పంపు మీది 93, మన పంపు మీది 95 ఒకే కొలత కాదు. అక్కడి 93 మన ఆర్‌ఓఎన్ లెక్కలో 98కి దగ్గర. అక్కడి 93 కోసం చేసిన మ్యాప్ తెచ్చి ఇక్కడి 95 పోస్తే నాక్‌ని పిలిచి కూర్చోబెట్టినట్టే.

బండి తీసుకునే రోజు, ఆ తర్వాత

ముందురోజు రాత్రి నుంచి స్టార్ట్ చేయకుండా ఉంచమని చెప్పి, చల్లటి ఇంజిన్‌ని ఓనరే స్టార్ట్ చేయాలి. పొగ, ఐడిల్, నూనె చెమ్మ అప్పుడే బయటపడతాయి. క్రాంక్‌కేస్ బ్రీతర్ గొట్టం ప్లీనమ్‌కి (బూస్ట్ గాలి చేరే పెట్టెకి) కాకుండా క్యాచ్ క్యాన్‌కో (నూనె పట్టే డబ్బాకో) ఫిల్టర్‌కో వెళ్తోందా చూడాలి. ట్రాక్ బండైతే పెయిర్ వాల్వు (ఎగ్జాస్ట్‌లోకి తాజా గాలి పంపే ఎమిషన్ పరికరం) గొట్టాలు మూసేసి ఉన్నాయా, టర్బో వేడి తగిలేచోట వైర్లకీ బ్రేక్ గొట్టాలకీ కవచం ఉందా అన్నది టార్చి వేసి వెతకాలి. ఒక గేజి బూస్ట్‌కీ, ఒకటి గాలి–పెట్రోలు నిష్పత్తికీ రైడర్ కంటికి ఎదురుగా ఉండాలి. బూస్ట్‌లో నిష్పత్తి 12.5 దాటితే థ్రాటిల్ వదిలేయాలి. మళ్లీ తెరిచి చూద్దామనే ఆలోచన పెట్టుకోకూడదు.

మొదటి 500 మైళ్లలో వేడికీ చల్లదనానికీ హెడర్ నట్లు, వీ–బ్యాండ్ క్లాంపులు వదులవుతాయి. ఎగ్జాస్ట్ సన్నగా లీకైతే వైడ్‌బ్యాండ్ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. కాబట్టి 500 మైళ్ల దగ్గర బండి మళ్లీ షాపుకి వెళ్లాలి. నట్లు బిగించాలి, నూనె మార్చి ఫిల్టర్ కోసి లోహపు నలకలు చూడాలి, ప్లగ్గులు చూడాలి, ఒక్క డైనో రన్ లాగి మొదటి షీటుతో పోల్చాలి. ఆ రెండో విజిట్‌కి అయ్యే గంటల్ని మొదటి బిల్లులోనే కలిపి రాయించుకోవాలి.